సీసం మోసిన వేళ్ళు

బరువు మోస్తేనే వేళ్ళకు బలమొస్తుందని పిన్నికి ఎవరు చెప్పారో గానీ, ఆ మాట పట్టుకుని కొంప ముంచింది. పియానో నేర్పడంలో ఆవిడకు మంచి పేరే ఉంది. ఆ పేరు నిలబెట్టడానికి సొంత అక్క కూతురే దొరికింది, పాపం! వేళ్ళు మరీ సన్నగా ఉంటాయని ఆ పిల్లను ఇంటిల్లిపాదీ పిచ్చుక అంటారు. పరీక్ష దగ్గరపడుతోంది, ఉంగరపు వేలేమో ఎంతకీ మాట వినట్లేదు. దాంతో పియానో శ్రుతి చేసే అతను వచ్చినప్పుడు, మీటల వెనక చివర సీసపు ముక్కలు అంటించమంది పిన్ని. ఇక ఏ మీట నొక్కాలన్నా బలమంతా పెట్టాల్సిందే.

"పిల్లకి ఒక మాట చెప్పండమ్మా," అన్నాడతను.

"తెలిస్తే మొండికేస్తుంది. దాని సంగతి మీకు తెలీదు."

అప్పట్నుంచి పిచ్చుక వేళ్ళు వణకడం మొదలైంది.

"ముందు వచ్చిన పాఠాలు కూడా రావట్లేదు పిన్నీ. నా వేళ్ళు చచ్చుబడిపోతున్నాయేమో."

"ఒళ్ళు వంచితే అన్నీ వస్తాయి," అనేది పిన్ని, తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆ పిల్ల ఒళ్ళు వంచబట్టే కదా ఇంత చేటు!

ఇవాళ పిచ్చుక పాఠాల పుస్తకాలన్నీ తిరిగిచ్చేయడానికి తెచ్చింది. మణికట్టుకు గుడ్డ కట్టుకుని ఉంది.

"నాకు చేతకాదు పిన్నీ. పరీక్షకి వెళ్ళి నీ పరువు తియ్యలేను."

ఆ గుడ్డ చూసేసరికి పిన్నికి ప్రాణం ఉసూరుమంది. తన పరువు కోసమేగా పసిదాన్ని ఇంత హింస పెట్టింది! సిగ్గుతో తలెత్తలేకపోయింది. పియానో ముందుపలక తీసి, మీటలు పైకెత్తి, ముక్కలన్నీ పీకి పిచ్చుక ఒళ్ళో పోసింది.

"నీ వేళ్ళ తప్పేం లేదే. నేనే ఇవి పెట్టించాను, నీకు చెప్పకుండా."

పిచ్చుక కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మీటలు మళ్ళీ అమర్చాక మెల్లగా ఒకటి నొక్కింది. బరువుకు అలవాటుపడ్డ వేలు కదా, మీట ఖంగుమని మోగింది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మెత్తగా వాయించడం పోయింది పిన్నీ."

"మళ్ళీ వస్తుందే, నేను నేర్పిస్తాగా. తెలిస్తే మొండికేస్తావనుకున్నానే తల్లీ..."

పిచ్చుక గుప్పెడు సీసపు ముక్కలు తీసుకుని బరువు చూసింది.

"చెప్పుంటే మోసేదాన్ని కదా," అంది.