గాడిదొద్దు

"గాడిదొద్దు," అన్నాడు నిత్తాయ్. శప్పీరా ముఖం వాడిపోయింది.

ఆమెకు పది రోజుల క్రితం దారి తప్పిన గాడిద ఒకటి దొరికింది. ఊరంతా చాటించినా నాదని ఎవరూ రాలేదు. మేత ఎలాగూ పెడుతోంది, కోసిన ఆలివ్ కాయలు దానిమీద గానుగకు చేరవేసుకోవచ్చా అని అడగడానికి మా సభకు వచ్చింది. కాయలు బుట్టల్లో మెత్తబడుతున్నాయి. ఇంకో రెండు రోజులాగితే ఏడాది నూనె మట్టిపాలే.

మాది సిప్పోరి ఊరు, మా భాషలో పిట్ట అని అర్థం. పేరుకు తగ్గట్టే అందరం చెప్పేవాళ్ళం, రాసేవాళ్ళం కాదు. పెద్దల చట్టం నోటి నుంచి నోటికే వెళ్ళాలి. మా సభకు పుస్తకం నిత్తాయే. అడిగితే తెరుచుకుంటాడు, అర్థం అడిగితే మూసుకుంటాడు.

"మొత్తం చెప్పు," అన్నారు మా సభ పెద్ద రబ్బీ జోనిన్.

"దొరికినవాటిలో పని చోసి తినోవి రొండు: గాడిదొద్దు. కూర్చుని తినోవి రొండు: పుంజు, మోకపిల్ల. మొదటివాటితో పని చోయించుకోవచ్చు."

చోసి, మోకపిల్ల అన్నవి నిత్తాయ్ యాస కింద దిగమింగాం. మా గలిలయ పలుకు విని మాకు దక్షిణాన ఉండేవాళ్ళు ఎలాగూ నవ్వుతారు. ఇక గాడిద ఎందుకొద్దో తేల్చడానికి కూర్చున్నాం. బరువు మోసి చిక్కిపోతే సొంతదారు గుర్తుపట్టలేడని యకీం అన్నాడు. పరాయి ఇంట పని మరిగితే సొంత ఇంట మొరాయిస్తుందని నేనన్నాను. కాసేపట్లో రెండు పక్షాలయ్యాం. కాయలు ఏ పక్షమూ కాకుండా కుళ్ళుతున్నాయి.

"రబ్బీ, నాకు చదువు రాదు, లెక్క వచ్చు," అంది శప్పీరా. "కూర్చుని తినేవి రెండన్నాడు, పుంజు, పిల్ల, సరిపోయాయి. ఆ మాటకొస్తే ఇక్కడ ఇంకో పదిమంది కనబడుతున్నారు. మరి పని చేసేవి కూడా రెండన్నాడే, అవేవి?"

రబ్బీ గడ్డం మీది చేయి ఆగిపోయింది. "నిత్తాయ్, వేళ్ళమీద చెప్పు నాయనా."

ఒక వేలు లేచింది. "గాడిద." రెండో వేలు. "ఒద్దు."

"ఒద్దు అంటే ఏ జంతువయ్యా?"

నిత్తాయ్ ఆ రెండు వేళ్ళూ తలమీద కొమ్ముల్లా పెట్టుకున్నాడు. తర్వాత నోరు తెరిచి దవడ చూపించాడు. లోపల పన్ను చుట్టూ వాపు, నేరేడుపండంత.

"అదీ సంగతి," అన్నారు రబ్బీ అందరివైపూ తిరిగి. "గాడిద, ఎద్దు. దవడ వాచి మూతి సున్నా చుట్టుకుంది, ఎద్దు కాస్తా ఒద్దయింది. మోకపిల్ల అంటే అర్థం లేదు, కాబట్టి మనమే దిద్దుకున్నాం. ఒద్దు అంటే అర్థం ఉంది, అక్కడ పడ్డాం. మన పెద్దలు మాట దగ్గర పిసినారులు కదా, ప్రతి చట్టంలో ఈ 'రెండు', 'మూడు' లెక్కలెందుకు ఖర్చుపెట్టారా అని ఇన్నేళ్ళూ అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది, నోరు చెడినా లెక్కకు వేళ్ళుంటాయని. నీ గాడిదను తోలుకో అమ్మా."

ఆమె అప్పటికే బయట బుట్టలు కడుతోంది.