సల్సాకు జోడీ

మా మిన్నెసోటాలో ఎవరైనా ఏదైనా ఇస్తానంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి అడిగితే అప్పుడు, "సరే, నీకు శ్రమ కాకపోతే," అని ఒప్పుకోవాలి. మొదటిసారే చెయ్యి చాపిన మనిషిని కక్కుర్తి మనిషంటారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గాని, మా అమ్మ మాత్రం మూడుసార్లు తనే అడిగి గాని పెట్టేది కాదు.

చర్చి కింద హాల్లో ఏటా జూన్‌లో స్ట్రాబెర్రీ విందు జరుగుతుంది. దానికి పండ్ల సల్సా నాది, దాల్చినచెక్క చిప్స్ మా చెల్లెలు కొరీన్‌వి. నేను స్ట్రాబెర్రీలు, కివీలు, ఆపిల్స్ సన్నగా తరిగి బ్రౌన్ షుగర్ కలుపుతాను. కొరీన్ టోర్టియాలనే పల్చటి గోధుమ రొట్టెలను ముక్కోణాలుగా కోసి, వెన్న రాసి, పంచదారా దాల్చినపొడీ చల్లి కరకరలాడేలా కాలుస్తుంది. వాటిని సల్సాలో ముంచుకుని తింటారు. ఇరవై రెండేళ్లుగా ఇదే ఏర్పాటు.

ఏప్రిల్‌లో కొరీన్ ఫోన్ చేసింది.

"ఈసారి కూడా చిప్స్ నన్నే చెయ్యమంటావా అక్కా?"

"ఎందుకులేవే, అసలే మోకాలి నొప్పి నీకు."

"పర్లేదు, చేస్తాలే."

"వద్దులే."

మూడోసారి అడుగుతుందని ఆగాను. "సరే అయితే," అని పెట్టేసింది.

తర్వాత రెండు నెలలు అది ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. మూడోసారి అడగని మనిషికి నేనెందుకు చెయ్యాలని పంతం. అమ్మ పోయాక నా అనేవాళ్లలో మిగిలింది అదొక్కతే. అది తెలిసీ చెయ్యలేదు.

విందు ముందురోజు దుకాణంలో కనిపించిన బిస్కెట్ పొట్లాలన్నీ కొనుక్కొచ్చి, ఒక్కొక్కటే సల్సాలో ముంచి చూశాను. గ్రాహం బిస్కెట్ నోటిదాకా రాకముందే మెత్తబడి గిన్నెలో పడింది. వెనీలా బిస్కెట్ మీద తీపికి తీపి తోడై పండు రుచే తెలియలేదు. అల్లం బిస్కెట్ ఒక్కటే నిలబడింది, కాకపోతే పెంకుముక్కలా ఉంది. పక్కింటి లవాన్‌ను పిలిచి ఒకటి ఇచ్చాను. తను కూడా మూడోసారికే తీసుకుంది. చాలాసేపు నమిలి, "భిన్నంగా ఉంది ఆర్డిస్," అంది. మా వైపు ఇంతకు మించిన తిట్టు లేదు. అయినా వేరే దారి లేక అల్లం బిస్కెట్లే పట్టుకెళ్లాను.

విందులో కొరీన్ నేరుగా నా గిన్నె దగ్గరికి వచ్చింది. ఒక బిస్కెట్ ముంచి కొరికింది. ఆ చప్పుడు పక్క బల్లదాకా వినిపించింది.

"భిన్నంగా ఉన్నాయి," అంది.

"లవాన్ కూడా అదే అంది."

"కార్లో చిప్స్ ఉన్నాయి. తేనా?"

"ఎందుకులే, శ్రమ." నేను అనలేదు, నోరు అలవాటు కొద్దీ అనేసింది.

అది తల ఊపి మెట్లవైపు నడిచింది. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. ఇక తిన్నగా ఇంటికే వెళ్లిపోతుందని అర్థమైంది. నాకు భయం వేసింది. అప్పుడు తట్టింది: ఏప్రిల్‌లో రెండుసార్లు, ఇప్పుడొకసారి. అది మూడోసారి అడిగింది. ఒప్పుకోవలసిన చోట వద్దన్నది నేనే.

"కొరీన్!" అని అరిచాను. మా చర్చిలో ఎవరూ అరవరు. చెంచాలు ఆగిపోయాయి. "తేవే! నాకు కావాలి!"

అది వెనక్కి తిరిగింది. "నిజంగానా? పోయినేడాది మాడిపోయాయిగా. అందుకే వద్దన్నావనుకున్నా."

"మాడినవన్నీ ఏరుకుని తిన్నది నేనేనే, పిచ్చిదానా." మెట్ల దగ్గరికి వెళ్లాను. "పద, నేనూ వస్తా. పట్టుకో నన్ను."

"ఎందుకులే అక్కా."

"పట్టుకో."

"వద్దులే, ఎక్కగలను."

"కొరీన్, పట్టుకోవే."

"సరే, నీకు శ్రమ కాకపోతే," అని చెయ్యి అందించింది.