తుడిచేసిన గీతలు

నాగరాణి వాళ్ల బాత్రూం గోడ వంకర. అందుకే పైపులు కోసి, మలుపుల దగ్గర వేసే ఎల్బోలు ముందు జిగురు లేకుండా తొడిగి, ఏది ఎటు తిరగాలో చూసుకుని, ప్రతి అతుకు మీదా పెన్సిలు గీత గీశాను. తర్వాత ఆ గీతలు కలిపి జిగురుతో అతికిస్తే చాలు. జిగురు పట్టిందంటే ఇక కదపడం ఎవరి తరమూ కాదు.

అన్నీ విడదీసి, జిగురు డబ్బా కోసం బస్టాండ్ దాకా వెళ్లొచ్చేసరికి పైపులు తళతళలాడుతున్నాయి.

"కొత్త పైపుల మీద గన్ని గీతలేంది ఇస్సాకన్నా? సబ్బు పెట్టి కడిగిన," అంది నాగరాణి, గుడ్డ పిండుతూ.

"గవి మురికి కాదు చెల్లె, గుర్తులు! జహీరాబాద్ మొత్తంల నాకు గీ ఇల్లే దొరికిందా?"

"జర చెప్పిపోతే ఏమాయె? మల్ల గీసుకోరాదు?"

"అక్కర్లే. కండ్లు మూసుకొని పెడత!"

ఆ కోపంలోనే జిగురు పూసి టపటపా బిగించాను. షవర్ తగిలించాల్సిన చివరి ఎల్బో గోడవైపు తిరిగి పట్టేసింది. తిప్పాను, గుంజాను, తిట్టాను. కదల్లేదు.

నాగరాణి తొంగిచూసింది.

"ఇది గుడ అలిగిందా అన్నా?"