ప్లగ్గు మీద సిలువ

"టీ తాగిరా అన్నా" అని పంపేసే మనిషిని నేను నమ్మను. మా నరసరావుపేట మెకానిక్కు మస్తాన్‌రావు సంగతే చెబుతున్నాను. బానెట్ ఎత్తగానే అతని నోట వచ్చే మొదటి మాట అదే. పక్కన మనిషి నిలబడితే అతని చెయ్యి కదలదు. ఎదురుగా ఉన్న టీ కొట్టులో నేను బల్ల మీద కూర్చునేదాకా చూసి, అప్పుడు ఇంజను మీదికి వంగేవాడు. పైగా మాట్లాడేటప్పుడు మన కళ్ళలోకి చూడడు, నోటి వంక చూస్తాడు. కారు నాది, పెట్రోలు నాది. నేను చూడకూడని పని అందులో ఏముంటుంది? రెండేళ్ళపాటు ఈ ప్రశ్న మింగుతూనే టీ తాగాను.

నా పేరు బాబూరావు. పేటలో అప్పట్లో బాడుగ కార్లు మొత్తం ఐదో ఆరో ఉండేవి. అందులో ఒకటి నాది, ఎవరో దొర అమ్ముకుని పోయిన నల్ల కారు. సాగర్ డ్యాం పని జోరుగా సాగుతున్న రోజులు కావడంతో మాచర్ల వైపు బాడుగలకు లోటుండేది కాదు.

ఆ వేసవిలో కారు మొరాయించింది. కాస్త ఎత్తు రాగానే రొప్పేది, పెట్రోలు మంచినీళ్ళలా తాగేది. మస్తాన్‌రావు నాలుగు ప్లగ్గులూ ఊడదీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. మొనలు అరిగి, మసిపట్టి ఉన్నాయి.

"నిప్పు పుట్టేది ఈ రెండు మొనల నడుమన్నా. అరిగి అరిగి ఎడం చానా పెరిగింది. నిప్పు దూకలేకపోతంది. పెట్రోలు సగం మండకుండానే పొగై పోతంది. కొత్తయి తేవాల" అన్నాడు.

గుంటూరు నేనే వెళ్ళి తెచ్చాను. అతన్ని పంపేంత అమాయకుణ్ణి కాను. ఎప్పటిలాగే నన్ను టీకి తరిమి, అతను కొత్తవి బిగించాడు. ఆ మర్నాడు కారు మాచర్ల దాకా ఒక్క దగ్గు లేకుండా ఉరికింది. ఇన్నాళ్ళూ ఉత్తపుణ్యానికి అనుమానించానే అని సిగ్గు కూడా పడ్డాను. ఆ సిగ్గు వారం రోజులు నిలవలేదు.

ఆ వారంలోనే మస్తాన్‌రావు నన్నొక సాయం అడిగాడు. పేటలో మూడు బస్సులు తిప్పే వెంకటయ్యగారు కొత్తగా షెడ్డు వేయించి, దానికి పెద్ద మెకానిక్కు కోసం చూస్తున్నారు.

"నీ మాటంటే ఆయనకి గురన్నా. నేను మంచోణ్ణని ఒక్క ముక్క చెప్పు. వానొస్తే నాకు పనుండదు. షెడ్డులో అయితే నెత్తిన రేకుంటది, నెల తిరిగితే జీతముంటది. దుర్గమ్మ ఇంకా ఎన్నాళ్ళు రాళ్ళు కొడతది?"

దుర్గమ్మ అతని భార్య. రోడ్డు పనుల్లో కంకర కొట్టేది. చెబుతాలే అన్నాను. వెంకటయ్యగారు కూడా నన్నే అడిగారు. "రెండేళ్ళుగా నీ కారు వాడి చేతిలోనే ఉంది గదా బాబూరావ్. నిజాయితీపరుడేనా? గురువారం నీ కార్లోనే మాచర్ల పోదాం. దోవలో చెబుదువుగాని" అన్నారు. ఆ రకంగా అతని ఉద్యోగం నా నాలిక చివరికి వచ్చి కూర్చుంది.

మంగళవారం టీ కొట్టులో లారీ డ్రైవరు వీరయ్య నా పక్కన చేరాడు. ఎవరి గుట్టయినా చెవిలో ఊదందే అతనికి టీ దిగదు.

"కొత్త ప్లగ్గులేయించావంట. భద్రం అబ్బాయ్. కొందరు మెకానిక్కులు కొత్తయి పీకి, పాతయి తోమి బిగిస్తన్నారంట. ఆ కొత్తయి సాగర్ జీపులోళ్ళకి అమ్ముకుంటన్నారంట. నిన్ను టీకి పంపేది ఎందుకనుకున్నావు, నీ మీద ప్రేమతోనా?"

అంతే, గ్లాసు కింద పెట్టేశాను. రెండేళ్ళుగా నేను అనుకుంటున్నదే మరొకడి నోట వినేసరికి అది నిజమైపోయింది. ఆపైన బుధవారం పగలంతా కారు మస్తాన్‌రావు దగ్గరే వదలాలి. బ్రేకులు విప్పే పని ఉంది.

బుధవారం పొద్దున మా ఆవిడ గ్రేసమ్మ పెన్సిల్ తీసుకున్నాను. ఆమె మిషన్ బడిలో టీచరు. బానెట్ ఎత్తి చూస్తే నాలుగు ప్లగ్గులూ వరసగా ఉన్నాయి. కింద ఇనుము, దాని మీద తెల్లటి పింగాణీ, ఆ పైన తీగ తగిలించే మొన. ఒక్కో పింగాణీ మీద ఒక్కో సిలువ గీశాను. పై మొన దగ్గర మొదలుపెట్టి ఇనుము దాకా నిలువుగీత లాగి, పెన్సిల్ నాలిక మీద తడుపుకుంటూ రెండు మూడుసార్లు దిద్ది నల్లగా చేశాను. ఇక ప్లగ్గు మారిస్తే దొరికిపోతాడు. సిలువ చూసి భయపడి మానేసినా మంచిదే.

గ్రేసమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "దేవుడి గుర్తుతో దొంగల్ని పడతావా ఏందయ్యా? అనుమానముంటే ఆ మనిషినే అడగరాదూ."

"అడిగితే చెబుతాడా ఏందే, అవును నేను దొంగనేనని?" అన్నాను. ఆమె పెన్సిల్ లాక్కుని బడికి వెళ్ళిపోయింది.

నాలుగు వీధుల దూరమే కాబట్టి కారులో తేడా ఏమీ తెలియలేదు. పొద్దు గుంకకముందే తెచ్చుకున్నాను. "బ్రేకులు బాగయినయ్యన్నా, బానెట్ ఎత్తే పనే పడలా" అన్నాడు మస్తాన్‌రావు. అడగకుండానే ఎందుకు చెప్పాడో నాకు నచ్చలేదు. ఇంటికి రాగానే చూసుకున్నాను. నాలుగు సిలువలూ ఉన్నాయి. మనసు కుదుటపడింది.

గురువారం వెంకటయ్యగారిని ఎక్కించుకుని బయలుదేరాను. గురజాల దాకా అక్కడక్కడా చిన్నగా దగ్గినా నడిచింది. అది దాటి రెంటచింతల వైపు ఎత్తు మొదలయ్యేసరికి కారు వణికింది. నేను తొక్కేకొద్దీ అది వెనక్కి గుంజుతోంది. పాత ప్లగ్గులతో కూడా ఇంత అధ్వాన్నంగా లేదు. చివరికి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఆ ఎండలో వెంకటయ్యగారు దిగి కండువా నెత్తిన వేసుకున్నారు.

నేను బానెట్ ఎత్తాను. సిలువలు అలాగే ఉన్నాయి. ముందురోజు చూసి సంతోషపడిన సిలువలే. కానీ ఇప్పుడు మూడోదాని అడ్డగీత వంకరగా కనిపించింది. నేను వంకరగా గీశానా? గీయను. నాలుగోదాని తల పొట్టిగా ఉంది. నేను అంత పొట్టిగా గీయను. చూసేకొద్దీ ఒక్క గీత కూడా నా చేతిది కాదనిపించింది. దొంగవెధవ, కొత్త ప్లగ్గులు పీకి పాతవి తోమి పెట్టడమే కాకుండా, నా గుర్తు చూసి అచ్చం నా గుర్తే దింపాడు. అంత తెలివి ఉన్నవాణ్ణి రెండేళ్ళు ఎలా నమ్మానా అని ఒళ్ళు మండిపోయింది.

"ఏంది బాబూరావ్?" అన్నారు వెంకటయ్యగారు.

"ఏముందండీ, మస్తాన్‌రావు దొంగ. నా కొత్త ప్లగ్గులు మార్చేశాడు."

"నిజంగా?"

"నా కళ్ళతో చూస్తన్నా."

ఆయన మెడ తుడుచుకున్నారు. "అట్టయితే వద్దులే. రేపు నా బస్సులకి టైర్లు కూడా మిగలవు" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ మాట వింటే నాకు హాయిగా అనిపించింది. ఇంజను చల్లారాక ఆగుతూ ఆగుతూ మాచర్ల చేరాం. ఆయన తిరుగు ప్రయాణం బస్సులో చేశారు.

మర్నాడు పొద్దున్నే మస్తాన్‌రావు దగ్గరికి వెళ్ళాను. రోడ్డు పక్క రెండు కర్రల మీద తాటాకు కప్పిన పంచ అతని షెడ్డు. టీ కొట్టులో ఉన్న పదిమందికీ వినబడేలా నోటికొచ్చినట్టు తిట్టాను. అతను ఎప్పటిలాగే నా నోటి వంక చూస్తూ విన్నాడు.

"నా కొత్త ప్లగ్గులు ఎవడికి అమ్ముకున్నావురా?"

"నేనా? లేదన్నా."

"వెంకటయ్యగారికి కూడా చెప్పేశా, నువ్వు దొంగవని."

అతని చేతిలో పానా ఆగిపోయింది. "చెప్పేశావా" అన్నాడు, అంతే. పానా కింద పెట్టి లేచి వచ్చి బానెట్ ఎత్తి, ప్లగ్గులు చూసి నా వైపు తిరిగాడు.

"ఈ సిలువలెవరు గీశారన్నా?"

"నన్నడుగుతావేంది? మొదట నేను గీశా. తర్వాత నువ్వు గీశావు."

అతను పెట్రోలులో గుడ్డ తడిపి మూడు ప్లగ్గుల మీద గీతలు తుడిచేశాడు. నాలుగోదాన్ని అలాగే వదిలేశాడు. ఇంజను స్టార్టు చేసి, గోనెపట్టా ఒకటి తెచ్చి తన తల మీదా నా తల మీదా కప్పి, నన్ను ఇంజను మీదికి వంచాడు. నన్ను టీకి పంపకపోవడం అదే మొదటిసారి.

గోనె కింద చీకటి. అతను చేత్తో పెట్రోలు కమ్మీ లాగి ఇంజను వేగం పెంచి, అది దగ్గిన ప్రతిసారీ నాలుగో ప్లగ్గు వైపు వేలు చూపించాడు. నేను గీసిన నిలువుగీత వెంట, పై మొన నుంచి కింద ఇనుము దాకా, నీలం నిప్పు చరచరా పాకుతోంది. సిలువ నాదే. వంకర నాదే.

"పెన్సిల్ నలుపు మీద కరెంటు పాకుద్దన్నా. పింగాణీ తెల్లంగా ఉంటేనే నిప్పు లోపలికి పోయిద్ది. నువ్వు దానికి బయట దోవేశావు. నిదానంగా పోయేటప్పుడు తెలీదు. ఎత్తెక్కేటప్పుడు తెలుస్తది" అన్నాడు. కోపంగా కాదు, పనివాడికి పని చెప్పినట్టు చెప్పాడు.

నాలుగోది కూడా తుడిచాడు. అప్పుడు పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కుకుని కళ్ళు మూసుకున్నాడు. అలా ఒక్కో చోటా పెట్టి విన్నాడు. టీ కొట్టు నుంచి చూసినప్పుడు ఇంజనులో తల దూర్చి ఏదో దాస్తున్నాడనుకున్నది ఇదే.

"మామూలుగా వినపడదా?" అన్నాను. అతను కళ్ళు తెరిచి నా నోటి వంక చూశాడు. మళ్ళీ అడిగాను.

"ఒకటి పూర్తిగా పోయింది. రెండోది సగం. ఇక్కడికి రాకముందు క్వారీలో మందు పేల్చినప్పుడు పోయినయ్యి. చెవిటి మెకానిక్కుకి కారెవరిస్తారన్నా? ఎముక్కి ఆనిస్తే ఇంజను మాట బాగానే తెలుస్తది. ఆ వినేది జనం చూడకూడదనే టీకి పంపేది. ఈ సంగతి ఎవరికీ చెప్పమాక."

తల తీసేసినట్టయింది నాకు. టీ కొట్టు వాళ్ళందరి ముందూ నాదే తప్పని గట్టిగా చెప్పాను. గట్టిగా తిట్టినవాణ్ణి గట్టిగానే చెప్పాలి కదా. అక్కణ్ణుంచి నేరుగా వెంకటయ్యగారింటికి వెళ్ళాను.

ఆయన పెన్సిల్ సంగతంతా విని నవ్వారు. "నిన్న దొంగన్నావు, ఇయ్యాల దొరంటన్నావు. నీకేమన్నా ముట్టజెప్పాడా?"

"ప్రమాణం చేస్తానండీ."

"ప్రమాణాలెందుకులే. పెన్సిల్ సంగతి నిజమే అనుకుందాం. మరి వాడు జనాన్ని టీకెందుకు తరుముతాడు? చానామంది చెప్పారు నాకు. అంత చాటుగా చేసే పనేంది? అదొక్కటి చెప్పు, రేపే రమ్మంటా."

చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే దొంగ కాదని తేలుతుంది, కానీ చెవిటివాడని కూడా తేలుతుంది. ఆ చెవులకి ఈయన బస్సులివ్వడు. ఇవాళ ఈయనకి తెలిసింది రేపు పేటంతా తెలుస్తుంది, ఆ తాటాకు పంచ కిందికి కూడా ఒక్క బండి రాదు. చెప్పకపోతే దొంగగానే మిగిలిపోతాడు. నా జన్మలో నా నోరు అంతసేపు తెరుచుకుని ఊరికే ఉన్నది ఆ ఒక్కసారే.

"తెలీదండీ" అన్నాను.

"చూశావా మరి" అన్నారాయన. ఆ నెలలోనే చిలకలూరిపేట నుంచి వేరే మెకానిక్కును తెచ్చుకున్నారు.

నేను తిరిగి వెళ్ళేసరికి దుర్గమ్మ కూడా అక్కడ ఉంది. ఆమె సుత్తి పంచ కర్రకి ఆనించి ఉంది. మస్తాన్‌రావు నా ముఖం చూసే గ్రహించాడు. అయినా ఒక్క మాట అడిగాడు.

"చెవి సంగతి చెప్పావా?"

"లేదు."

"మంచి పని చేశావన్నా" అన్నాడు. ఆ మాట బదులు చెంప పగలగొట్టినా బాగుండేది. దుర్గమ్మ మాత్రం నా వైపు చూడకుండా సుత్తి తీసుకుని పనికి వెళ్ళిపోయింది.

తర్వాత వచ్చిన వానాకాలంలో కారు మళ్ళీ అతని దగ్గరికి తెచ్చాను. తాటాకు కారుతోంది. టీ కొట్టులో జనం ఉన్నారు. అతను బానెట్ ఎత్తి నా వంక చూశాడు. టీ తాగిరా అని మాత్రం అనలేదు.

"టీ తాగొస్తా" అని నేనే వెళ్ళాను.

వీరయ్య బల్ల మీద జరిగి చోటిచ్చాడు. కారు వైపు మెడ సాచి, "వాడు తల లోపల పెట్టి ఏం చేస్తన్నాడంటావ్ అబ్బాయ్?" అన్నాడు.

"పని చేస్తన్నాడు. నువ్వు ఇటు తిరిగి కూర్చో" అన్నాను. అతను తిరగలేదు. నేను లేచి అతనికి అడ్డంగా నిలబడి, కారు వైపు వీపు పెట్టి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే టీ తాగాను.