సరోజమ్మ మధుపర్కం

ప్రభావతి కాళ్ల దగ్గర హీటరు పెట్టుకుని ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుడుతోంది. న్యూజిలాండ్‌లో, బోటనీ డౌన్స్ అనే పేటలో ఆ గరాజే ఆమె దుకాణం. పక్కబల్ల మీద సరోజమ్మ మధుపర్కం ఉంది. పెళ్లిపీటల మీద కట్టిన ఎర్రంచు తెల్ల నూలుచీర, కొంగు మూల పసుపు ఇంకా పోలేదు. పొద్దుటినుంచీ కత్తెర తీయడం, చీర వంక చూడడం, మళ్లీ ప్యాంటు మీద పడడం. ఇదే సరిపోయింది.

నిన్న ఆస్పత్రిలో, చావుమంచం మీద ఉన్న సరోజమ్మ ప్రభావతి చెయ్యి వదల్లేదు. "రేపు మా అమ్మాయి నిహారికనీ బిడ్డనీ డిశ్చార్జి చేస్తారట. దీంతో చొక్కా కుట్టు ప్రభా, మిగిలింది బొంత చెయ్యి. పురిటిబిడ్డకి ముందు పాతబట్టేగా వేసేది! దాచితే నామీద కప్పి కాల్చేస్తారు. కొంగొక్కటి ఆయనకి ఉంచు."

"అలాగే పిన్నిగారూ."

ఇవాళ పొద్దున్నే ఆవిడ భర్త కృష్ణారావు ఫోను. "దానికి కత్తెర పెట్టకమ్మా. ముత్తయిదువ మధుపర్కం ఆవిడతోనే వెళ్లాలి. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను."

"అలాగే బాబాయిగారూ."

ఎవరికైనా కాదని చెప్పి ఎరిగితే కదా! తెనాలిలో అత్తగారు కుట్టుమిషను అమ్మేయమంటే అలాగే అంది. మొగుడు దామోదర్ న్యూజిలాండ్ పోదామంటే అలాగే అంది. ఇక్కడికొచ్చాక అతను ఇంకొకావిడతో వేరే ఇల్లు చూసుకుంటే, దానికీ అలాగే అని పాత మిషనొకటి కొనుక్కుంది. ఇప్పుడు రెండు అలాగేల మధ్య ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఛీ, వెధవ నోరు!" అని తిట్టుకుని లేచింది. ఏదైతే అదవుతుంది, చీర కట్టుకున్న మనిషి అడిగింది. కత్తెర వేసింది. గుడ్డ తిన్నగా తెగింది. ముందు కొంగు తీసి మడిచిపెట్టింది. తర్వాత బొంత. ఆఖరున రెండు అరచేతులంత చొక్కా, కుట్లు ఒంటికి గుచ్చుకోకుండా పైకి తిప్పి. బొత్తాలు వద్దనుకుంది, నాడాలే.

ఒక నాడా కుట్టి రెండోది పట్టుకునేసరికి బయట కారు ఆగింది.

కృష్ణారావు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "పోయిందమ్మా సరోజ. చీర ఇవ్వు."

"ఇవ్వలేను బాబాయిగారూ. కోసేశాను."

"వద్దన్నానా లేదా!"

"అన్నారు. పిన్నిగారు కుట్టమన్నారు." కొంగు అతని చేతిలో పెట్టింది. "ఇది మీకు ఉంచమన్నారు."

అతను పసుపు మరక మీద బొటనవేలితో రాశాడు. పెళ్లిలో తన కండువాతో ముడేసిన మూల అది. గరాజులో మిషను దీపం తప్ప వెలుగు లేదు. "పోనీ, ఇదైనా కప్పుతాను" అన్నాడు.

"కాదు బాబాయిగారూ. అది మీది."

కాదు అన్న మాట తన నోటినుంచే వచ్చిందని ప్రభావతికి తర్వాతగాని తెలియలేదు. కృష్ణారావు ఏడ్చాడు. కొంగు జేబులో పెట్టుకుని, చొక్కా వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు.

"మైలలో ఉన్నాను, ముట్టుకోకూడదు. నువ్వే తీసుకెళ్లి తొడుగమ్మా" అని వెళ్లిపోయాడు.

మిషను సూది కింద బుల్లి తెల్లచొక్కా అలాగే ఉంది, ఒక పక్క నాడా వేలాడుతూ.