ఖాళీ ఫోల్డర్

వంతెనల నమూనాలు గీసే ఆ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే మనిషిని అందరూ తాళాలాయన అంటారు. ఉద్యోగుల ఫైళ్లన్నీ వెనక గదిలోని పెద్ద మిషన్‌లో ఉంటాయి. హాల్లోని కంప్యూటర్లో ఎవరు లాగిన్ అయితే వాళ్ల ఫోల్డర్ తనంతట తానే వచ్చి అతుక్కుంటుంది. వాళ్లు లేచి వెళ్లగానే ఊడిపోతుంది. హాల్లో మిగిలేది పేరున్న ఖాళీ ఫోల్డరే. ఇదంతా తన చలవేనని రోజుకోసారైనా చెప్పుకోకపోతే ఆయనకి అన్నం సహించదు.

అక్కడే కొత్తగా చేరిన ఆయన మరదలు ఒకనాడు తన ఫోల్డర్ ఖాళీగా కనబడితే బిక్కచచ్చిపోయింది. ఆయన పగలబడి నవ్వాడు.

"ఖాళీగా ఉంటే పోయినట్టు కాదే పిచ్చిమొహమా, ఇంకా అతుక్కోలేదన్నమాట! నన్ను పిలువు, చాలు."

అప్పట్నించి ఆ పిల్లకి బెంగ లేదు. లాగిన్ ఆలస్యమవుతోంది బావా అని మాత్రం సణిగేది. ముద్దుల మరదలు కదా, ఆమె ఫోల్డర్ ఒక్కదానికే కొత్త ఏర్పాటు పెట్టాడు. లాగిన్ దాకా ఆగక్కర్లేదు, ఎవరు తాకినా వెంటనే వచ్చి అతుక్కుంటుంది. పెట్టి, ఆ సంగతే మరిచిపోయాడు.

ఆ ఉదయం ఎవరూ రాకముందే, హాల్లో పేరుకుపోయిన ఖాళీ ఫోల్డర్లు ఊడ్చేద్దామని కూర్చున్నాడు. ఎవరూ లాగిన్ అయి లేరని ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ తీసెయ్యమన్నాడు. అన్నీ చప్పుడు చేయకుండా పోయాయి. ఒక్కదాని దగ్గర మాత్రం కంప్యూటర్ చాలాసేపు తీసుకుని, చివరికి మొండికేసింది.

"వాడుకలో ఉంది. తీయలేను."

ఎవరూ లేని హాల్లో వాడుతున్నదెవరు? పేరు చూశాడు. మరదలిది.

అప్పుడు గుర్తొచ్చింది. తీసేసే ముందు కంప్యూటర్ ప్రతి ఫోల్డర్లోకీ ఒకసారి తొంగి చూస్తుంది. ఆ చూడ్డమే తాకడం. అసలు ఫోల్డర్ పరుగున వచ్చి అతుక్కుంది, చీపురు దానిమీదే పడింది. వెనక గదిలోకి పరిగెత్తి పెద్ద మిషన్‌లో వెతికాడు. ఆమె పేరుంది, పేరు కింద ఏమీ లేదు. నకళ్లు దాచే డిస్కు పాడై చాలాకాలమైంది. రేపు చూద్దాంలే అంటూ ఆయనే నెట్టుకొచ్చాడు.

ఆ ఫోల్డర్లో ఉన్నది మరదలు గీసిన వంతెన నమూనా, ఈ మధ్యాహ్నమే అప్పజెప్పాలి. దాన్ని బట్టే మరదలి ఉద్యోగం ఖాయమవుతుంది. పై అధికారిని బతిమాలి ఆమెను ఇక్కడ చేర్పించిందీ ఆయనే. ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి? దొంగలా హాలు గుమ్మంలో నిలబడిపోయాడు. అంత భయం ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎరగడు.

మరదలు చెప్పులు టపటపలాడిస్తూ వచ్చింది, సంచీ కుర్చీకి తగిలించింది, లాగిన్ అయింది. తెర వంక చూసి తల అడ్డంగా ఊపింది. ఆ మొహంలో కంగారు మచ్చుకైనా లేదు.

"బావా, మళ్లీ ఖాళీ! నీ మిషన్ ఇంకా నిద్ర లేవలేదు. తీరిగ్గానే చూడులే, ఈలోగా టీ తాగొస్తా."

లేవబోతున్న మరదలి భుజం మీద ఆయన చెయ్యి వేశాడు. ఆమె తలెత్తి చూసింది.

"కూర్చోమ్మా," అన్నాడు. "ఈసారి అతుక్కునే ఉంది."