బంతిమడికి అటువైపు

వాచ్‌మన్ జ్వరం చూసే గన్ను నుదుటికి గురిపెట్టగానే లింగం ఊపిరి బిగబట్టాడు. అది కూత పెట్టినా అతనికి వినబడదు. వాచ్‌మన్ కళ్లు చూసి తెలుసుకోవాల్సిందే. ఆ కళ్లు విసుగ్గా పక్కకు తిరిగాయి, చెయ్యి లోపలికి ఊగింది. ఈ పూటకు గండం గడిచిందనుకుని లింగం పార్కులోకి నడిచాడు.

రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చాడు. చొక్కా మీదా, కనుబొమల మీదా దారపు నూగు అలాగే ఉంది. బక్కపలచని మనిషి. పెళ్లికాకముందు సూరత్ వచ్చాడు, ఇప్పుడు మనవరాలికి మాటలొస్తున్నాయి. ఇన్నేళ్లూ అక్కడి వడోద్ కార్ఖానాల్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. ఆ మోతలో అందరికీ చెవులు కొంత పోతాయి, లింగానికి దాదాపు మొత్తం పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటూ, సేటుకు అనుమానం రాకుండా నెట్టుకొచ్చాడు. కరోనా వచ్చి లోకం మొత్తం మూతులు కట్టుకోవడంతో అతని పని అయిపోయింది.

తెల్లవారుజామున పని చూసే మాస్టర్ సాంచా దగ్గరికి వచ్చి మాస్కులోంచి ఏదో అడిగాడు. మళ్లీ అడిగాడు. మూడోసారి కూడా అడిగించుకుంటే చెవుల సంగతి బయటపడుతుంది. చెవిటివాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు? లింగం తల ఊపేశాడు. మాస్టర్ అతని భుజం తట్టి వెళ్లిపోయాడు. మాస్టర్ ఊరికే భుజాలు తట్టే రకం కాదు. ఇంతకీ తను దేనికి ఒప్పుకున్నట్టు?

అడుగుదామంటే పక్క సాంచాల బుచ్చిరాములు రాత్రి మధ్యలోనే కనబడకుండా పోయాడు. లింగం చెవుల సంగతి తెలిసింది అతనొక్కడికే. రోజూ పొద్దున ఈ పార్కులో ఎదురుగా కూర్చుని, మాస్కు గడ్డం కిందికి లాగి, కార్ఖానా కబుర్ల నుంచి మళ్లీ లాక్‌డౌన్ పెడతారన్న పుకారు దాకా పెదవులతో విప్పి చెబుతాడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. ఏ చుట్టరికమూ లేదు, ఊళ్లు పక్కపక్కనే.

లింగం చెప్పులు విప్పి మంచుకు తడిసిన గడ్డిలో నడిచాడు. చలి వెనకబట్టింది. వేపచెట్టు ఆకులు రాలుస్తోంది, మూల మామిడి పూతకొచ్చింది. మాస్కు కాస్త దించితే తడిమట్టి వాసన, బంతిపూల ఘాటు ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. ఇక్కడ ఎవరికీ అతనితో పని లేదు. పూలు మాట్లాడవు కాబట్టి పూల దగ్గర చెవిటివాడూ అందరిలాంటివాడే. అందుకే నిద్ర మానుకుని మరీ వస్తాడు. ఈరోజు మాత్రం బెంచీ మీద కూర్చుని గేటు వైపే చూస్తున్నాడు.

బుచ్చిరాములు గేటు వైపు నుంచి రాలేదు. వెనక గోడ కూలినచోట నుంచి దిగాడు. భుజాన సంచి ఉంది. లింగం లేవబోతే అరచెయ్యి అడ్డం చూపించాడు. కార్ఖానా మోతలో సాంచా ఆపమనడానికి చూపించే చెయ్యే అది. బంతిమడికి అటువైపు బెంచీ మీద కూర్చుని, అంత దూరం నుంచే మాస్కు కిందికి లాగాడు.

“గాడనే ఉండు బావా. జరమొచ్చింది.”

“మాస్టర్ నన్నేమడిగిండు?” లింగం అరిచాడు. తన గొంతు ఎంత పెద్దదో అతనికి తెలియదు. వాకింగ్ చేస్తున్నవాళ్లు ఆగి చూశారు.

బుచ్చిరాములు తన వైపు వేలు చూపించుకున్నాడు. “నా సాంచలు గూడ నడుపుతవా అని అడిగిండట. నువ్వు సరే అన్నవట. ఇగ నన్ను రావద్దని ఫోన్ జేసిండు.”

“నాకినవడలేదు బావా...”

“నాకెర్కే.” బుచ్చిరాములు నవ్వాడు.

“ఇప్పుడే వోయి చెప్త మాస్టర్‌కు.”

“ఏమని చెప్తవ్? చెవిటోణ్ణని చెప్తవా?”

చెబుతానని అనాలనే లింగం నోరు తెరిచాడు. ఒంటిగది ఖోలీలో భార్య వినోద, కొడుకు, కోడలు, మనవరాలు. పోయిన ఏడు పని లేక గంజి తాగిన నెలలు కళ్లముందు తిరిగాయి. తెరిచిన నోరు మూసుకున్నాడు. సిగ్గుతో బావ ముఖం చూడలేక చూపు పూల మీదికి దించుకున్నాడు. మళ్లీ తలెత్తేసరికి బుచ్చిరాములు దగ్గుతున్నాడు. దగ్గు వినబడలేదు, భుజాలు ఎగిరెగిరి పడటం కనబడింది.

“మధ్యాన్నం రైలుకు ఊరికి వోతున్న.” దగ్గు తెరిపి ఇచ్చాక బుచ్చిరాములు జేబులోంచి దారాలు తుంచే చిన్న కత్తెర తీసి బెంచీ మీద పెట్టాడు. “గన్ని సాంచలకు నీ మొండి కత్తెర ఏం సాల్తది? ఇది ఉంచుకో. పానం జాగ్రత్త.”

మాస్కు పైకి లాక్కున్నాడు. ఆ తర్వాత అతనేమైనా అన్నాడో లేదో లింగానికి తెలియదు. కూలిన గోడ ఎక్కి అటు దిగిపోయాడు.

లింగం మడి చుట్టూ తిరిగి ఆ బెంచీ దగ్గరికి వచ్చాడు. కత్తెర కోసం చెయ్యి చాపాడు. బావ చెయ్యి ఇప్పుడే వదిలిన కత్తెర. అందాకా వెళ్లిన వేళ్లు ఆగిపోయాయి. చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు, ఇంకా దేన్నీ ముట్టుకోకపోయినా. తోటమాలి నీళ్ల పైపు లాక్కుంటూ అటు వస్తుంటే పక్కకు తప్పుకున్నాడు. చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా గేటు వైపు గబగబా నడిచాడు.

బెంచీ మీద కత్తెర ఎండలో అలాగే ఉంది, రాత్రి తుంచిన నీలం దారపు ముక్క ఇంకా దాని నోట్లోనే ఉంది.